ఇల్లు మారుతున్నారా? గ్యాస్ బండని వెంట తీసుకెళ్ళాలా, ఏజెన్సీకి అప్పగించాలా

ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఉండే తెలుగువాళ్ళకి ఇల్లు మారడం మామూలే. జేకేపూర్ పేపరు మిల్లు, సునాబెడ హెచ్‌ఏఎల్, దమన్‌జోడి నాల్కో, బ్యాంకులు, రైల్వే, బజారులో వ్యాపారాలు, ఇలా ఏదో ఒక పని మీద రాయగడ, కొరాపుట్, గజపతి జిల్లాల్లో స్థిరపడతారు. బదిలీ వచ్చినా, రిటైరైనా, పిల్లల కాలేజీ కోసమైనా పార్వతీపురం, విజయనగరం, విశాఖ వైపు సామాను కడతారు. ఫ్రిజ్‌కి గోనెపట్టా చుడతారు, అద్దాల బీరువాకి దుప్పట్లు కప్పుతారు. గ్యాస్ బండ సంగతి మాత్రం చివరిదాకా ఎవరికీ గుర్తుండదు. లారీ బయల్దేరే ముందు వంటింట్లోంచి తెచ్చి "ఇదీ ఓ మూల పడెయ్ బాబూ" అంటారు.

అలా పడేస్తే ఏమవుతుంది, పడేయకుండా ఏం చేయొచ్చు, ఎవరికి ఏ దారి మేలు అన్నది వివరంగా చెప్పాలని రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఉన్న ఊళ్ళోనే వీధి మారుతుంటే బండని జాగ్రత్తగా వెంట తీసుకెళ్ళండి. రాష్ట్రం దాటుతుంటే మాత్రం, అది ముప్పై కిలోమీటర్ల దూరమే అయినా సరే, ఏజెన్సీకి అప్పగించి వెళ్ళండి. మిగతా దారుల్లో కొన్ని కొందరికి పనికొస్తాయి, కొన్ని ఎవరికీ పనికిరావు.

చాలామంది దీన్ని దూరం లెక్కన తేల్చుకుంటారు. విశాఖ అయితే దూరం కాబట్టి అప్పగిద్దాం, సరిహద్దు దాటగానే ఉండే పాతపట్నం అయితే పక్కనే కాబట్టి ఆటోలో వేసుకుపోదాం అనుకుంటారు. మనవైపు ఆ లెక్క కుదరదు. పర్లాకిమిడిలో అత్తవారు, పాతపట్నంలో పుట్టింటివారు ఉన్న కుటుంబాలకి సరిహద్దు అనేది కంటికి కూడా ఆనదు. కానీ గ్యాస్ కనెక్షన్ ఒక చిరునామా మీద, ఒక ఏజెన్సీ కింద నమోదై ఉంటుంది. బండ మనతో వచ్చేసి, కనెక్షన్ అక్కడే ఉండిపోతే అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది. కొత్త ఊళ్ళో రీఫిల్ బుక్ చేస్తే అది పాత ఊరి ఏజెన్సీకే వెళుతుంది. వాళ్ళు సరిహద్దు దాటి తెచ్చివ్వరు. దాంతో ప్రతిసారీ ఖాళీ బండ పట్టుకుని పాత ఊరికి పోవడమో, బ్లాకులో కొనడమో చేయాల్సి వస్తుంది.

ఇంకో విషయం కూడా ఉంది. ఇండేన్, భారత్ గ్యాస్, హెచ్‌పీ మూడు కంపెనీలూ తమ వినియోగదారుల కోసం ప్రమాద బీమా చేయిస్తాయి. మరణం సంభవిస్తే మనిషికి 6 లక్షల రూపాయల దాకా, ఆస్తి నష్టానికి 2 లక్షల దాకా అందులో ఉంటుంది. ఆస్తి నష్టం భాగం రిజిస్టర్ అయిన చిరునామాలో జరిగిన ప్రమాదానికే వర్తిస్తుంది. పాత అడ్రసు మీద ఉన్న బండని కొత్త ఇంట్లో వాడుతుంటే ఆ రక్షణ మనం చేజేతులా వదులుకున్నట్టే. నెలనెలా కట్టే ప్రీమియం ఏమీ లేకుండా వచ్చే బీమా ఇది. దీన్ని పోగొట్టుకోకండి.

అప్పగించి వెళ్ళడం

బండ, రెగ్యులేటర్ మన సొత్తు కావు, కంపెనీవి. మనం డిపాజిట్ కట్టి వాడుకుంటున్నాం. స్టవ్వూ, రబ్బరు పైపూ మాత్రం మనవి. అందుకే వేరే ఊరికి వెళ్ళేటప్పుడు బండలూ రెగ్యులేటరూ ఏజెన్సీకి తిరిగిచ్చి, డిపాజిట్ వాపసు తీసుకుని, టెర్మినేషన్ వోచర్ అనే కాగితం రాయించుకుంటారు. కౌంటర్లో దాన్ని టీవీ పేపరు అంటారు. కొత్త ఊళ్ళో అదే కంపెనీ ఏజెన్సీకి వెళ్ళి ఆ కాగితం, ఆధార్, కొత్త ఇంటి అద్దె ఒప్పందమో కరెంటు బిల్లో చూపించి, డిపాజిట్ కడితే అక్కడ బండ, రెగ్యులేటర్ ఇస్తారు. రెండు బండల కనెక్షన్ ఉన్నవాళ్ళు రెండూ అప్పగించాలి.

ఏజెన్సీకి వెళ్ళేటప్పుడు కనెక్షన్ తీసుకున్ననాటి సబ్‌స్క్రిప్షన్ వోచర్, గ్యాస్ బుక్కు, ఆధార్ పట్టుకెళ్ళండి. పాతికేళ్ళ నాటి కనెక్షన్లలో ఆ వోచరు ఏ బీరువా అడుగునో ఉంటుంది, లేదా చెదలు తినేసి ఉంటుంది. పోయినా పని ఆగదు. పోయిందని రాసిచ్చి అఫిడవిట్ లాంటిది సమర్పించాలి. దానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు కాబట్టి లారీ వచ్చే రోజు పొద్దున ఏజెన్సీ మెట్లెక్కితే టెన్షన్ తప్పదు. పది రోజుల ముందే ఒకసారి వెళ్ళి ఏ కాగితాలు కావాలో అడిగి రండి. కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో కూడా అప్పుడే చూసుకోండి. చనిపోయిన తండ్రి పేరు మీదే నడుస్తున్న కనెక్షన్లు మనవైపు చాలా ఉన్నాయి. అలాంటివైతే పేరు మార్పిడి ముందు పూర్తి చేసుకోవడం మంచిది.

డబ్బు సంగతి చాలామందికి కోపం తెప్పిస్తుంది కాబట్టి వివరంగా చెబుతాను. వాపసు వచ్చేది మీ పాత వోచరు మీద రాసి ఉన్న డిపాజిట్ మాత్రమే. ఎప్పుడో కొన్ని వందలు కట్టి ఉంటే ఆ వందలే తిరిగొస్తాయి. 2022 జూన్ నుంచి కొత్త కనెక్షన్‌కి 14.2 కిలోల బండ డిపాజిట్ 1,450 నుంచి 2,200 రూపాయలైంది. రెగ్యులేటర్ డిపాజిట్ 150 నుంచి 250 అయింది. మీ టీవీ పేపరు మీద ఎంత కట్టాలో కొత్త ఏజెన్సీకి ఫోన్ చేసి ముందే తెలుసుకోండి. ఉజ్జ్వల కింద వచ్చిన కనెక్షన్‌కి డిపాజిట్ మన జేబులోంచి కట్టలేదు కాబట్టి చేతికి డబ్బు రాదు. కానీ కాగితం తప్పకుండా తీసుకోవాలి. అది ఉజ్జ్వల కనెక్షన్ అని కాగితంలో ఉందో లేదో చదువుకుని మరీ తీసుకోవాలి.

బండలో మిగిలిన గ్యాస్‌కి పైసా రాదు. అందుకే బదిలీ ఖాయమైన రోజు నుంచి కొత్త రీఫిల్ బుక్ చేయకుండా ఉన్నదాన్ని వాడేసుకోండి. ఎంత ఉందో తెలియాలంటే బండని బయట పెట్టి తడిగుడ్డతో పైనుంచి కిందికి ఒకసారి తుడవండి. ద్రవం ఉన్నంత మేర తడి ఆలస్యంగా ఆరుతుంది, పైన ఖాళీ భాగం త్వరగా ఆరిపోతుంది. లేదా పాత సామాన్ల కొట్టువాడి కాటా మీద పెట్టి తూచండి. బండ మెడ చుట్టూ ఉండే పట్టీల మీద ఖాళీ బరువు చెక్కి ఉంటుంది. అది తీసేస్తే మిగిలింది గ్యాస్. రెండు బండల్లో నిండుది ఏజెన్సీ వాళ్ళకిచ్చి వెళ్ళాల్సి రావడం గృహిణికి ఎంత బాధో నాకు తెలుసు. అలాగని ఆ గ్యాస్ కోసం బండని సరిహద్దు దాటించకండి.

అప్పగించడంలో నిజమైన ఇబ్బంది ఒక్కటే. పాత ఊళ్ళో చివరి రెండు రోజులు, కొత్త ఊళ్ళో మొదటి కొన్ని రోజులు పొయ్యి ఉండదు. దాని గురించి కిందనే చెబుతాను.

ఉన్న ఊళ్ళోనే మారుతుంటే

రాయగడలోనే ఒక కాలనీ నుంచి ఇంకో కాలనీకి మారేవాళ్ళు బండ అప్పగించక్కర్లేదు. అదే ఏజెన్సీ పరిధిలో ఉంటే అడ్రసు మార్చుకుంటే చాలు. ఊరు అదే, ఏజెన్సీ మాత్రం వేరైతే పాత ఏజెన్సీ కస్టమర్ ట్రాన్స్‌ఫర్ అడ్వైస్ అనే బదిలీ కాగితం ఇస్తుంది. ఇప్పుడు ఇది ఆన్‌లైన్లో, కంపెనీ యాప్‌లో కూడా అవుతోంది. దాన్ని మూడు నెలల్లోపు కొత్త ఏజెన్సీలో ఇచ్చేయాలి. బండా రెగ్యులేటరూ మన దగ్గరే ఉంటాయి. ఇక్కడ మాత్రం వాటిని మనమే మోసుకెళ్ళాలి. కాబట్టి మోసే పద్ధతి తెలియాలి.

వంటగ్యాస్ బండలో ద్రవంగా ఉంటుంది. బండ నిలబడి ఉంటే ద్రవం కింద, ఆవిరి పైన, వాల్వు ఆవిరి వైపు ఉంటాయి. పడుకోబెడితే ద్రవం వాల్వు దాకా వస్తుంది. అప్పుడు ఏ చిన్న లీకున్నా బయటికి వచ్చేది ద్రవం. ఆ ద్రవం గాలిలో సుమారు 250 రెట్లు పెరిగి గ్యాసవుతుంది. గాలిలో రెండు శాతం కలిసినా చాలు, నిప్పు తగిలితే అంటుకుంటుంది. పైగా ఇది గాలి కంటే బరువు. పైకి పోయి చెదిరిపోదు, చెరువులోకి జారిన నీరులా పల్లం వెతుక్కుంటూ కారు అడుగున, లారీ బాడీ మూలల్లో, ఇంటి గడప కింద నిలుస్తుంది. దానికి సహజంగా వాసన ఉండదు. మనకి తెలియడం కోసం మెర్కాప్టాన్ కలుపుతారు. ఆ కుళ్ళు వాసన సామాన్ల మధ్య, దుమ్ములో, డ్రైవరు కిటికీ గాలిలో తెలియకుండా పోతుంది. బండ ఎప్పుడూ నిటారుగా ఉండాలనే నియమం వెనకున్న కారణం ఇదే.

బయల్దేరే ముందు స్టవ్వు కట్టేసి, రెగ్యులేటర్ నాబ్ మూసి, రెగ్యులేటర్ విప్పండి. వాల్వు మీద సబ్బు నీళ్ళ నురగ పెట్టి బుడగలు వస్తున్నాయేమో చూడండి. అగ్గిపుల్ల గీసి చూసే అలవాటు కొందరు పెద్దవాళ్ళకి ఇంకా ఉంది. దయచేసి వాళ్ళ చేతిలోంచి ఆ పెట్టె తీసేయండి. బుడగలు లేకపోతే నైలాన్ దారంతో వేలాడే ప్లాస్టిక్ క్యాప్‌ని టిక్కుమనేదాకా నొక్కి బిగించండి. చాలా ఇళ్ళలో బండ వచ్చిన రోజే ఆ క్యాప్ పారేస్తారు. దాన్ని దాచుకోవాలి, ఎందుకంటే వాల్వులో వాషర్ చెడి లీకయినా తాత్కాలికంగా ఆపేది అదే. బుడగలు వస్తే ఆ బండని ఏ వాహనమూ ఎక్కించకండి. క్యాప్ బిగించి, ఆరుబయట నీడలో, నిప్పుకీ జనానికీ దూరంగా నిలబెట్టి 1906కి ఫోన్ చేయండి. గ్యాస్ లీకేజీ కోసం దేశమంతా పనిచేసే నంబరు అది.

పైనున్న పట్టీల మీద ఇంగ్లీషు అక్షరం, పక్కన రెండంకెలు ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ అంటే జూన్ దాకా, సీ సెప్టెంబరు దాకా, డీ డిసెంబరు దాకా. పక్క అంకెలు సంవత్సరం. అది ఆ బండకి మళ్ళీ పరీక్ష చేయాల్సిన గడువు. గడువు దాటిన బండ కనిపిస్తే మోసుకెళ్ళే ఆలోచన మాని, ఏజెన్సీలో ఇచ్చి మార్చుకోండి.

ఇక వాహనం. నిండు బండ దాదాపు 30 కిలోలు ఉంటుంది. స్కూటరు ముందు కాళ్ళ దగ్గర పెట్టుకుని, బైకు వెనక అడ్డంగా కట్టుకుని వెళ్ళడం మన ఊళ్ళలో రోజూ చూసేదే. నిండిన గ్యాస్ సిలిండర్‌ని సైకిలు మీద గానీ, మోటారు ఉన్న ఏ రెండు చక్రాల బండి మీద గానీ తీసుకెళ్ళకూడదని గ్యాస్ సిలిండర్ల నిబంధనల్లోనే ఉంది. గుంతలో పడి బండ జారితే వాల్వు నేలకి కొట్టుకుంటుంది, బండి మీద ఉన్నవాళ్ళు దానిమీదే పడతారు. ఎంత దగ్గరైనా ఇది వద్దు.

కారు డిక్కీ చూడ్డానికి బాగుంటుంది. కానీ చాలా కార్లలో 14.2 కిలోల బండ నిలబెడితే డిక్కీ మూత పడదు, పడుకోబెట్టాల్సి వస్తుంది. మూసిన డిక్కీలో గాలి ఆడదు. తప్పనిసరైతే వెనక సీటు ముందు, కాళ్ళు పెట్టుకునే చోట నిటారుగా పెట్టి, సీటుకి తాడుతో కట్టి, నాలుగు అద్దాలూ దించి, ఏసీ వేయకుండా, కారులో పిల్లలు లేకుండా పది నిమిషాల దూరానికే వెళ్ళండి. మధ్యలో ఎక్కడా ఆపొద్దు, ఎండలో వదిలి టీ తాగడానికి అసలే ఆగొద్దు.

నా ఓటు ట్రాలీ ఆటోకి. తెరిచిన బాడీ, గాలి ధారాళంగా ఆడుతుంది, డ్రైవరు వేరే క్యాబిన్లో ఉంటాడు, బండ నిలబడుతుంది, కట్టడానికి పక్కన కడ్డీలుంటాయి. ఏజెన్సీ వాళ్ళు రోజూ వీధుల్లో తిప్పేదీ ఇలాంటి బండ్లలోనే. టాటా ఏస్ అయినా అంతే. వీలైతే బండలకి విడిగా ఒక చిన్న ట్రిప్పు వేయించండి. నాలుగైదు వందలు ఎక్కువైనా సరే, సామాను లారీలో కలపకపోవడమే మంచిది.

సామానుతో కలిపే తీసుకెళ్ళాల్సి వస్తే ఎక్కడ పెట్టాలన్నది ముఖ్యం. బండ అన్నిటికంటే చివర ఎక్కాలి, అన్నిటికంటే ముందు దిగాలి. వెనక తలుపు వైపు, బాడీ గోడకి ఆనించి, నడుం దగ్గర ఒకసారి, పైపట్టీ కింద ఒకసారి తాడు తిప్పి కట్టాలి. అడుగున గోనెపట్టా వేయాలి. బాడీ అంచు దాటి బయటికి పొడుచుకు రాకూడదు. దాని మీద పరుపు గానీ పెట్టె గానీ వేయకూడదు. పక్కన ఇన్వర్టర్ బ్యాటరీ ఉండకూడదు. అందులో యాసిడ్ ఉంటుంది, తీగలు తగిలితే నిప్పురవ్వ వస్తుంది. పెయింటు డబ్బాలు, కిరోసిన్, పూజసామానులో కర్పూరం, అగ్గిపెట్టెలు వేరే చోట సర్దండి. అదే లారీలో మీ బైకు ఎక్కిస్తుంటే ట్యాంకులో పెట్రోలు తీసేయించండి. హమాలీలకి బండ దొర్లించడం, పైనుంచి కిందికి వదలడం అలవాటు. నోటితో చెబితే వినరు, పక్కన నిలబడి ఇద్దరితో పట్టించి దింపించాలి. వాళ్ళ నోట్లో బీడీ ఉంటే ముందు ఆర్పించాలి.

ఘాట్ రోడ్డు సంగతి వేరు

కొరాపుట్, సునాబెడ నుంచి సాలూరు దిగేవాళ్ళు సుంకి ఘాట్ మీదుగా వస్తారు. ఆ మలుపుల్లో కట్టని బండ ఒక్క చోట నిలవదు. ఇటు దొర్లి, అటు కొట్టుకుని, ఫ్రిజ్ మూలకో మంచం కోడుకో వాల్వు తగులుతుంది. వానాకాలంలో పొగమంచు, లారీల వరుస, గంటల తరబడి ట్రాఫిక్ ఆగిపోవడం అన్నీ ఉంటాయి. దిగువకి వచ్చాక మైదానపు ఎండ. బండలో 33 లీటర్లు పట్టే చోటున్నా 14.2 కిలోలే నింపడానికి కారణం వేడికి ద్రవం వ్యాకోచిస్తుందని. ఆ ఖాళీ మామూలు ఎండకి సరిపోతుంది. ఇనుప రేకుల కంటైనర్‌లో, గాలి ఆడని చోట, మే నెల మధ్యాహ్నం అంతసేపు పెట్టడానికి ఎవరూ సాహసించకూడదు. ప్యాకర్స్ అండ్ మూవర్స్ వాళ్ళు గ్యాస్ బండ ఎక్కించమంటే ఒప్పుకోరు. వాళ్ళది మూసిన కంటైనర్, వాళ్ళ మాట సరైనదే. కొసరి కొసరి అడిగి, డ్రైవరుకి రెండొందలు చేతిలో పెట్టి చాటుగా ఎక్కించేవాళ్ళున్నారు. ఆ డ్రైవరుకీ పెళ్ళాం పిల్లలు ఉంటారు.

ఘాట్ దిగాల్సిన దారి అయితే నేను ఇంకో మాట లేకుండా అప్పగించమనే చెబుతాను.

రైలు, బస్సు

ఇక్కడ పోల్చడానికేమీ లేదు. రాయగడ నుంచి విజయనగరానికి రైల్లో వెళ్ళడం తేలిక పనిలా ఉంటుంది, గుణుపురం నుంచి నౌపడ మీదుగా వెళ్ళే బండి ఖాళీగా కనిపిస్తుంది, గోనెసంచిలో చుట్టి సీటు కింద తోసేద్దామనిపిస్తుంది. రైల్లో గ్యాస్ సిలిండర్ నిండుదైనా ఖాళీదైనా నిషేధం. 1989 రైల్వే చట్టం 164వ సెక్షన్ ప్రకారం ప్రమాదకరమైన సరుకు తీసుకెళితే మూడేళ్ళ దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. దానివల్ల జరిగిన నష్టానికి కూడా బాధ్యత మనదే. శిక్ష సంగతి అటుంచి, కిటికీలు మూసిన బోగీలో వందమంది ఉంటారు. ఖాళీ బండ అంటే ఏమీ లేని బండ కాదు. స్టవ్వు వెలగడం ఆగిపోయాక కూడా అందులో కొంత గ్యాస్ మిగిలే ఉంటుంది. బస్సు డిక్కీ, బస్సు టాప్ కూడా ఇంతే.

తెలిసినవాళ్ళకి ఇచ్చేయడం

"ఎదురింటి వాళ్ళకి ఇచ్చేసి డబ్బులు తీసుకుందాం" అనేది మనవైపు బాగా నడిచే పద్ధతి. అద్దెకొచ్చే కుర్రాళ్ళకి వెంటనే గ్యాస్ కావాలి, వెళ్ళేవాళ్ళకి డబ్బు కావాలి. కానీ కనెక్షన్ మీ పేరు మీదే, మీ ఆధార్ మీదే ఉంటుంది. ఆ బండ టిఫిన్ బండి మీదకి చేరినా, అక్కడ ఏం జరిగినా కాగితాల్లో మీరే ఉంటారు. ఒక కనెక్షన్ మీ పేరున ఉండగా కొత్త ఊళ్ళో ఇంకోటి అడిగితే ఇవ్వరు. ఇంట్లోనే ఉండిపోయే తమ్ముడికో కొడుక్కో కావాలంటే ఏజెన్సీలో పేరు మార్పిడి చేయించి ఇవ్వండి.

పొయ్యి లేని రోజులకి ఏం చేయాలి

బండ వెంట తీసుకెళ్ళడానికి అసలు కారణం చాలా ఇళ్ళలో గ్యాస్ డబ్బులు కాదు, పాలు పొంగించడం. కొత్త ఇంట్లో ముహూర్తానికి పొయ్యి వెలగాలి. ఏజెన్సీలో టీవీ పేపరు ఇచ్చి బండ తెచ్చుకునేసరికి రెండు రోజులో వారమో పట్టొచ్చు. ముహూర్తం ఆగదు.

దీనికి మూడు దారులు. మొదటిది, నాకు బాగా నచ్చింది, ముహూర్తానికి నాలుగు రోజుల ముందే ఇంటి పెద్దో కొడుకో టీవీ పేపరుతో ఒక్కసారి కొత్త ఊరికి వెళ్ళి రావడం. అద్దె ఒప్పందం అప్పటికే చేతిలో ఉంటుంది కాబట్టి కనెక్షన్ పని జరిగిపోతుంది. రాయగడ నుంచి పార్వతీపురం పొద్దున వెళ్ళి సాయంత్రానికి రావొచ్చు. ఈలోగా పాత ఇంట్లో ఇండక్షన్ స్టవ్వు మీద నడుపుకోవచ్చు.

రెండోది 5 కిలోల చిన్న బండ. గుర్తింపు కార్డు ఒకటి చూపిస్తే చాలు, అడ్రసు రుజువు అడగకుండా ఇస్తారు. ఏజెన్సీల్లోనే కాక కొన్ని పెట్రోలు బంకుల్లో, కిరాణా కొట్లలో కూడా దొరుకుతుంది. కొత్త ఊళ్ళోనే కొనండి, అప్పుడు మోసే బాధే లేదు. ధర లెక్కన చూస్తే కిలోకి పెద్ద బండ కంటే ఖరీదు ఎక్కువ పడుతుంది, సబ్సిడీ ఉండదు. కానీ తర్వాత కూడా అదనపు బండగా ఉంటుంది. విశాఖలో గది తీసుకుని చదువుకునే పిల్లలకి, ఏడాదికోసారి ఊరు మారే ఉద్యోగాల వాళ్ళకి పెద్ద కనెక్షన్ కంటే ఇదే మేలు.

మూడోది ఇండక్షన్. కొన్ని రోజులకి బాగానే సరిపోతుంది. అడుగు బల్లపరుపుగా, అయస్కాంతం అతుక్కునే గిన్నెలే పనిచేస్తాయి. పాలు పొంగించే ఇత్తడి గిన్నె దాని మీద పనికిరాదు. ఆ ఒక్కరోజుకి ఇటుకలు పెట్టి, పిడకలో కట్టెలో వెలిగించి పొంగించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. మా పెద్దలు చేసింది అదే కాబట్టి ఆచారానికి లోటేమీ లేదు.

వెళ్ళబోయే అపార్ట్‌మెంట్లో పైపు గ్యాస్ ఉంటే మొత్తం చర్చే అవసరం లేదు. ఇక్కడ అప్పగించేసి వెళ్ళండి.

దిగాక బిగించేటప్పుడు

బండ ఎలా వచ్చినా, కొత్త ఇంట్లో మొదటిసారి బిగించే పని తొందరలో చేయకూడదు. స్టవ్వు బండ కంటే ఎత్తులో ఉండాలి. బండని నేల కింది గుంతలో గానీ, గాలి ఆడని అలమరలో మూసి గానీ పెట్టకూడదు. పాత రబ్బరు పైపు లారీలో వంగి, నలిగి ఉంటుంది. దాన్ని వంచి చూస్తే పగుళ్ళు కనిపిస్తాయి. నారింజ రంగు సురక్ష పైపుకి కూడా ఐదేళ్ళే ఆయుష్షు. ఇల్లు మారడమే పైపు మార్చడానికి మంచి సమయం. బిగించాక ప్రతి అతుకు దగ్గరా సబ్బు నురగ పెట్టి చూసి, ఆ తర్వాతే వెలిగించండి.

ఇంట్లో వేరే సిలిండర్లు ఉంటే

టిఫిన్ సెంటర్ నడిపేవాళ్ళ 19 కిలోల బండలు ఇంటి సామానుతో అసలు కలపకూడదు. ఆ బండలు కూడా కంపెనీవే, వాటికీ అప్పగించే పద్ధతే ఉంది. ఇలాంటివి ఆరు బండలు ఒకేచోట చేరితే ఇంకో చిక్కు. లైసెన్సు లేకుండా ఒకచోట ఉంచుకోగల వంటగ్యాస్ మొత్తం 100 కిలోలే.

ఊపిరితిత్తుల జబ్బుతో ఇంట్లో ఆక్సిజన్ మీద ఉన్న పెద్దవాళ్ళ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఆక్సిజన్ తనంతట తాను మండదు, కానీ చుట్టూ ఉన్నదాన్ని భగ్గుమనిపిస్తుంది. నూనె, గ్రీజు అంటిన చేతులతో దాని వాల్వు ముట్టుకుంటే అదే అంటుకోగలదు. వంటగ్యాస్ ద్రవంగా తక్కువ ఒత్తిడిలో ఉంటుంది. నల్లని ఒళ్ళు, తెల్లని మెడ ఉన్న ఆక్సిజన్ సిలిండర్లో మాత్రం ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి 150 కిలోల దాకా ఉంటుంది. పడి వాల్వు విరిగితే అంత బరువైన ఇనుప సిలిండరూ ఎగిరి గోడని కొట్టుకుంటుంది. పెద్ద సిలిండర్‌ని అద్దెకిచ్చిన కొట్టుకే తిరిగిచ్చి, వెళ్ళే ఊళ్ళో ఇంకోటి ముందే మాట్లాడుకోండి. దారికి చిన్న సిలిండరు, దాంతోపాటు వీలైతే బ్యాటరీతో నడిచే కాన్‌సెంట్రేటర్ మేలు. కాన్‌సెంట్రేటర్ గాలిలోంచే ఆక్సిజన్ తీస్తుంది, అందులో ఒత్తిడితో నింపిన గ్యాస్ ఉండదు. ఎంత ఆక్సిజన్, ఎన్ని గంటలు కావాలో డాక్టరుతో రాయించుకుని, ట్రాఫిక్ ఆగిపోతే సరిపడేలా దానికి రెట్టింపు సిద్ధం చేసుకోండి. ఆక్సిజన్‌తో వాళ్ళు వెళ్ళే కారులో వంటగ్యాస్ బండ, దీపం, సిగరెట్ ఏవీ ఉండకూడదు.

వెల్డింగ్ పని వాళ్ళ ఎసిటిలిన్ సిలిండరు, మెరూన్ రంగుది, ఎప్పుడూ నిలబడే ఉండాలి. లోపల గ్యాస్ అసిటోన్‌లో కరిగి ఉంటుంది, పడుకోబెడితే ఆ ద్రవం బయటికి రావచ్చు. దాన్ని ఇంటి లారీలో కాకుండా నింపి ఇచ్చే డీలరు బండిలోనే పంపించండి.